పెద్దమానులో ఉన్నదెవరు

పాలవాడు పాలలో నీళ్ళు కలుపుతాడని ఊరంతా అనుమానిస్తుంది. జ్ఞానాంబ ఆ నీళ్ళలో కూడా ఏదో కలిపి ఉంటాడని అనుమానిస్తుంది. దామలచెరువు దగ్గర పల్లెలో పుట్టి, అక్కడే పెరిగి, యాభై మూడేళ్ళు వచ్చిన మనిషి. బస్సు కండక్టరు నవ్వుతూ టికెట్టు ఇస్తే వెనక్కి తిప్పి మరీ చూసుకుంటుంది. గుళ్ళో పూజారి తీర్థం పోస్తే ముందు పక్కామె చేతిలో ఎంత పడిందో చూసి, ఆ తర్వాతే కళ్ళకు అద్దుకుంటుంది. ఇవన్నీ చెప్పి ఆమెను తక్కువ చేద్దామని కాదు. అనుమానం అనే జబ్బు ఒంట్లో ఉన్నా, ఆమె చేతిలో మాత్రం దేవుడు ఇంకొకటి పెట్టాడు.

అది అంటు కట్టే విద్య. మామిడి టెంక నాటి పెంచిన చిన్న మొక్క తల కోసి, దాన్ని చీల్చి, మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్లను ఆ చీలికలో దించి, ప్లాస్టిక్ పట్టీ చుట్టి కట్టడం. చూడ్డానికి ఇంతే. కానీ వంద అంట్లు కడితే నర్సరీల్లో డెబ్బై పట్టుకుంటే గొప్ప. జ్ఞానాంబ కడితే తొంభై ఐదు చిగురు వేయాల్సిందే. కళ్ళు మూసి సొన వాసన చూపిస్తే అది తోటాపురిదా, బేనీషాదా, ఏ వైపు తోటలో ఏ చెట్టుదా కూడా చెప్పేస్తుంది. మొక్కలు కొనడానికి వచ్చినవాళ్ళకు ఆమె ఒకటే చెప్పేది: "టెంక నాటితే వచ్చేది ఇంగో చెట్టబ్బా. అంటు కడితే వచ్చేది ఇదే చెట్టు. ఈడుండేదే ఆడా ఉంటాది." ఈ మాట ఆమె ఎన్ని వేల సార్లు చెప్పిందో ఆమెకే తెలియదు.

ఆ చుట్టుపక్కల చెట్లలో ఉండే మానోళ్ళ సంగతి తెలియనివాళ్ళు ఉండరు. ఇప్పటి పిల్లలు సెల్‌ఫోన్లు చూస్తూ నవ్వుతారు గానీ, సందేళ చింతతోపు దాటాల్సి వస్తే వాళ్ళూ పరుగు పెడతారు. అడవి అడవిగా ఉన్న రోజుల్లో ప్రతి పెద్ద మానుకూ ఒక మనిషి ఉండేవాడట, లేక ఒక ఆడమనిషి. మాను వేళ్ళు ఎంత దూరం పోతే వాళ్ళ లోకం అంత దూరమే. ఆ గీత దాటి అడుగు వేయలేరు. మానుకు గొడ్డలి పడిందంటే వాళ్ళ ప్రాణమూ అక్కడితో సరి. అందుకే ముసలి చెట్టును నరికేముందు రోజు మిట్టమధ్యాహ్నం పోయి, పసుపునీళ్ళు చల్లి, గొడ్డలి చూపించి, "రేపు నరుకుతాం" అని చెట్టుకు చెప్పి రావడం ఆ పక్క ఆచారం. ఉన్నవాళ్ళు ఏదో ఒక దారి చూసుకుంటారని. దారంటే ఒక్కటే, అంటు కట్టిన మొక్క. అది కూడా అదే చెట్టు కదా, యాడ నాటి ఉంటే అక్కడికి పోయి బతకొచ్చు. కాకపోతే పోయినవాళ్ళు మళ్ళీ తిరిగి రాలేరు. ఇదంతా జ్ఞానాంబకు వాళ్ళ అవ్వ చెప్పింది. మానోళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువని, మగవాళ్ళను మరిగించి ఇంటికి కాకుండా చేస్తారని కూడా అవ్వే చెప్పింది. చిన్నప్పుడు ఆ మాటలకు జ్ఞానాంబ మూడు రోజులు జ్వరం తెచ్చుకుంది.

ఆమెకు ఇరవై మూడో ఏట పెళ్ళయింది. ఒక్కతే కూతురు, నాలుగెకరాల మామిడి తోట ఉంది. అందుకని వాళ్ళ నాయన ఇల్లటం అల్లుణ్ణి తెచ్చాడు. తెచ్చాడంటే ఎక్కడి నుంచో కాదు, తోటలోనే పని చేస్తున్న దొరస్వామిని. నల్లగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. అయినవాళ్ళు ఎవరూ లేరు. పెళ్ళి కూడా తోటలోనే, పెద్దమాను కిందే పందిరి వేసి చేశారు. పెద్దమాను అంటే వాళ్ళ ముత్తాత అడవి కొట్టి తోట వేసినప్పుడు కొట్టకుండా వదిలిన మామిడి చెట్టు. నలుగురు చేతులు కలిపినా అందనంత మొదలు. "ఆయప్పను యాడికీ రమ్మని పిలవద్దు పాపా. తోట దాటే మనిషి కాదు" అని వాళ్ళ నాయన ఆ రోజే చెప్పాడు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు మీద కూడా జ్ఞానాంబకు అనుమానమే. ఆయన పోయి ఇరవై ఐదేళ్ళయింది, ఇప్పటికీ అనుమానమే.

కొత్తలో ఆమె తోటలోని కొట్టంలోనే కాపురం చేసింది. కూతురు ప్రసన్నకుమారి పుట్టాక ఊళ్ళో ఇంటికి వచ్చేసింది, ఇల్లటం అల్లుడు వెనకే వస్తాడనుకుంది. రాలేదు. "తోటకు కాపలా ఉండాల గదా" అన్నాడు. మామిడి కాయలకు కాపలా సరే. కాయలు లేని కార్తీకంలో దేనికి కాపలా? ఆకులకా? రోజూ మధ్యాహ్నం క్యారియర్‌లో సద్ది కట్టుకుని, దారి పొడుగునా తిట్టుకుంటూ అరమైలు నడిచి తోటకు పోయేది. ఆయన గేటు దగ్గర నిలబడి ఉండేవాడు. గేటుకు ఇవతల ఒక్క అడుగు కూడా వేసేవాడు కాదు. ప్రసన్నకుమారికి డెంగీ వచ్చి చిత్తూరు ఆస్పత్రిలో పెట్టినప్పుడు కూడా రాలేదు. గేటు కమ్మీలు పట్టుకుని ఏడ్చాడు గానీ రాలేదు.

మనిషి అన్నాక ఇంకేం అనుకుంటుంది? ఒక్కొక్కటే కనిపెట్టసాగింది. పెద్దమాను కింద నేల ఎప్పుడు చూసినా ఊడ్చినట్టు ఉండేది. ఈయన చీపురు పట్టగా ఆమె ఎన్నడూ చూడలేదు. చేతికి దెబ్బ తగిలితే ఆమెకు చూపించడు, తువ్వాల చుట్టుకుని మాను వెనక్కి పోతాడు. కట్టు ఎవరు కడుతున్నట్టు? ఒకసారి సద్ది తెచ్చి కంచె పక్కన నిలబడి చెవి పెడితే, మాను వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. "ఆయమ్మకు చెప్పకుండా ఎన్నాళ్ళుండేది?" అంటున్నాడు. అంతే. క్యారియర్ అక్కడే పెట్టేసి ఇంటికి వచ్చి, తలుపు వేసుకుని ఏడ్చింది. పెద్దమానులో ఆడది ఉంది. తన మొగుణ్ణి పట్టుకుని కూర్చుంది. ఆ రోజుతో అనుమానం కాస్తా నిజమైపోయింది.

ఊరికే ఏడుస్తూ కూర్చునే రకం కాదు జ్ఞానాంబ. ఆలోచించింది. నరికిస్తే ఆడదాని ప్రాణం పోతుంది, ఆ పాపం తనకు వద్దు. ఆ మాయలాడిని పంపించేయాలి. పంపించే విద్య తన చేతిలోనే ఉంది కదా! ఆషాఢంలో వానలు పడగానే పెద్దమాను నుంచి పుల్లలు కోయించింది. అంట్లు కట్టి, ఎంత దూరం వాళ్ళు అడిగితే అంత సంతోషంగా ఇచ్చింది. దగ్గర ఊళ్ళవాళ్ళు వస్తే "అయిపోయినాయి పోబ్బా" అనేది. గూడూరులో నిమ్మతోటల గట్ల మీదికి పోయాయి. తిరుచానూరు లాడ్జీల పెరళ్ళలోకి పోయాయి. శ్రీసిటీ ఫ్యాక్టరీల ముందర నీడకని పోయాయి. లారీ ఎక్కిస్తూ ప్రతిసారీ నోట్లోనే గొణుక్కునేది: "పో తల్లీ, యాడన్నా సల్లగా బతుకు పో. నా మొగుణ్ణి మాత్రం వదిలిపెట్టు." తమ తోటలో, తమ ఊళ్ళో ఒక్క పెద్దమాను అంటు కూడా నాటనీయలేదు. ఏడాదికి నాలుగు వందల మొక్కల చొప్పున, ఇరవై ఏళ్ళకు పైగా సాగింది ఆ పని. ఆ అంట్లు మాత్రం నూటికి నూరూ చిగురు వేసేవి.

దొరస్వామి పుల్లలు కోసి ఇచ్చేవాడు. ఎందుకు ఇన్ని కడుతున్నావని ఒక్కనాడూ అడగలేదు. ఆమె అంటు కడుతున్నంతసేపూ ఎదురుగా కూర్చుని ఆ చేతులనే చూస్తుండేవాడు. దాన్నీ ఆమె అనుమానించింది. ఆడదానికి కబురు చెప్పడానికి చూస్తున్నాడనుకుంది.

పోయిన చైత్రంలో ప్రసన్నకుమారి పెళ్ళి తిరుచానూరులో జరిగింది. పిల్ల శ్రీసిటీలో ఉద్యోగం చేసుకుంటూ, అక్కడే పని చేసే హరినాథ్‌ను చూసుకుంది. మంచి పిల్లాడే, అతని మీద జ్ఞానాంబకు ఉన్న అనుమానాలు చిన్నవి. పెళ్ళికి వారం ముందు కూతురు తోటకు పోయి నాయన కాళ్ళు పట్టుకుంది. "ఒక్క పూట రా నాయనా. కారు తెస్తాను, గేటు కాడి నుంచి గేటు కాడికి దించుతాను" అంది. ఆయన కూతురు తల మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయాడు. కన్యాదానం వేలు విడిచిన మేనమామ చేశాడు. పీటల మీద కూర్చున్న పిల్ల ద్వారం వైపు చూడడం, చూసి తల దించుకోవడం జ్ఞానాంబ కళ్ళారా చూసింది. పాపమూ లేదు, పుణ్యమూ లేదు. ఆ మానులోదానికి ఇన్ని దారులు చూపిస్తే పోలేదు కదా, ఇక చావనీ అనుకుంది.

పాకాలలో కట్టెల కార్ఖానా నడిపే రాజారత్నాన్ని పిలిపించింది. పెట్టెలు చేసే కట్టె కోసం ముసలి మామిడి చెట్లు కొనేవాడతను. చెట్టు చూసి గుటక వేశాడు.

"అక్కా, ఇంత మాను కొట్టిస్తాండావే. దొరస్వామన్నకు తెలుసా?"

"తోట నాది. మాను నాది. ఆయప్పతో నీకేం పని? దాంట్లో ఒక ఆడది ఉండాది రాజారత్నం. ముప్పై ఏండ్లుగా నా మొగుణ్ణి ఇంటికి రానీకుండా పట్టుకోని ఉండాది. అది పోవల్ల."

రాజారత్నం ఒకసారి మాను వైపు, ఒకసారి ఆమె వైపు చూసి రెండు అడుగులు వెనక్కి వేశాడు. శుక్రవారం పొద్దున మిషన్ రంపం, లారీ తెస్తానన్నాడు. చెట్టుకు చెప్పే పని మాత్రం మీదేనక్కా, నేను చెప్పనని దండం పెట్టి పోయాడు.

గురువారం మిట్టమధ్యాహ్నం జ్ఞానాంబ సద్ది తేలేదు. చెంబులో పసుపునీళ్ళు, చేతిలో గొడ్డలి పట్టుకుని వచ్చింది. గేటు దగ్గర దొరస్వామి లేడు. మంచిదే అనుకుంది. పెద్దమాను చుట్టూ తిరిగి మొదట్లో పసుపునీళ్ళు చల్లింది. ఇన్నేళ్ళుగా కడుపులో దాచుకున్న మాటలు గొంతు దాకా వచ్చాయి. గొడ్డలి ఎత్తి చూపించింది.

"ఇద్దో, సూడు. రేపు నిన్ను నరకతాండారు. నా కాపురం ముప్పై ఏండ్లు తినేస్తివి. నా బిడ్డ పెండ్లికి దాని నాయన్ను రానీకుండా చేస్తివి. ఎన్ని అంట్లు కడితి, ఎన్ని ఊర్లకు పంపిస్తి! సిగ్గుండేదానివైతే ఎప్పుడో పోయేదానివి. ఈపొద్దైనా లేసి పో. లేదంటే నీ కర్మ."

మాను వెనక నుంచి దొరస్వామి వచ్చాడు. ఒక చెయ్యి బెరడు మీదే ఉంది.

"యాడికి పొయ్యేది జ్ఞానా?" అన్నాడు.

"నిన్ను కాదు. దాన్ని పొమ్మంటాండా. యాడ దాపెట్టినావు? బయటికి రమ్మను."

"ఎవురూ లేరు మే. నేనే."

ఆమెకు అర్థం కాలేదు. అర్థమైనా నమ్మే మనిషి కాదు. "అబద్ధాలు సెప్పొద్దు. దాన్ని కాపాడనీకి ఎన్నైనా సెప్తావు" అంది. ఆయన ఆమె నడుముకు చెక్కుకున్న అంటు కత్తి తీసుకుని బొటనవేలు గీసుకున్నాడు. నెత్తురు రాలేదు. నీళ్ళలాంటి సొన వచ్చింది. వేలి వెంట జారి ఆమె మణికట్టు మీద పడి చుర్రుమంది. ఆమె చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. ఎవరి మాటైనా అనుమానించగలదు గానీ, తన ముక్కును ఎలా అనుమానిస్తుంది? పెద్దమాను సొన అది. ఇరవై ఏళ్ళుగా పుల్ల చెక్కిన ప్రతిసారీ వేళ్ళకు అంటిన సొన.

గొడ్డలి ఎక్కడ పడేసిందో తెలియదు. నేల మీద కూర్చుండిపోయింది.

"మా నాయనకు తెలుసా?"

"తెలుసు. నువ్వు సిన్నప్పటి నుంచి మానోళ్ళంటే దడుసుకుంటావు, సెప్పొద్దన్నాడు. ఆయన పోయినాక సెప్తామనుకొన్యా. మానుతోనే అంటాంటి, సెప్పకుండా ఎన్నాళ్ళుండేదని. నువ్వేమో దినామూ సద్ది తెచ్చి నా ముందరే మానోళ్ళను తిడతాంటివి. ఇంగ యా నోటితో సెప్పేది?"

ఇంకెవరైనా అయితే అక్కడ ఏడ్చేవాళ్ళు. జ్ఞానాంబ లెక్కలోకి దిగింది. అంట్లు. ఏడాదికి నాలుగు వందలు. ఆ ఆడదాన్ని తరమడానికని ఎంత దూరం అంటే అంత దూరం పంపింది. ఆడదే లేకపోతే మరి ఎవరిని తరిమినట్టు?

"ఆ అంట్లు..." అంది. "అవి నీకు తెలిసేటివా?"

"తెలియకేమి? నువ్వు కట్టింది పట్టుకునేటప్పుడల్లా నన్ను రమ్మని పిలుస్తాది. గూడూరులో పట్టుకున్నా ఈడ తెలుస్తాది. రాత్రీ పగలూ పిలుపే. నువ్వు కడితే పట్టుకోకుండా ఉంటాదా?"

"నేను పొమ్మంటాండానని తెలుసా?"

"లారీ ఎక్కించేటప్పుడు అంటాంటివి గదా, సల్లగా బతుకు పో అని. గేటు కాడ్నే ఉంటిని. వినపడ్లా?"

ఇరవై ఏళ్ళు. ఇన్ని వేల అంట్లు. తన రెండు చేతులతో మొగుణ్ణి ఇన్ని వేల సార్లు ఇంట్లోంచి గెంటింది. ఆయన ఎదురుగా కూర్చుని, గెంటే ఆ చేతులనే చూస్తూ, పుల్లలు కోసి ఇచ్చాడు. జ్ఞానాంబకు దుఃఖం పొంగుకొచ్చింది. సిగ్గుతో, కోపంతో, ఆయన గుండెల మీద గుద్దుతూ ఏడ్చింది.

"మరి ఎందుకు పోలా? మనిషివా నువ్వు? ఎందుకు పోలా?"

"పోతే తిరిగి రాలేము గదా" అన్నాడు. గుద్దుతున్న చేతులు పట్టుకుని, "గూడూరులో నన్ను తిట్టుకుంటా సద్ది తెచ్చేదెవురు?" అన్నాడు.

ఆ పూట ఆయనకు సద్ది లేదు. ఇద్దరూ చెట్టు కింద రాలిన పచ్చికాయలు ఏరుకుని, కొట్టంలో ఉన్న ఉప్పూ కారంతో తిన్నారు. జ్ఞానాంబ మధ్య మధ్య ఆయన వేలు పట్టుకుని చూసింది, మళ్ళీ వాసన చూసింది. జబ్బు అంత సులువుగా పోయేది కాదు. కూతురికి ఫోన్ చేసి, "మీ నాయన పెండ్లికి ఎందుకు రాలేదో రేపు వచ్చి ఆయన్నే అడుగు. నేను సెప్తే నన్ను పిచ్చిదంటావు" అని పెట్టేసింది. పొద్దుగూకక ముందే ఊళ్ళోకి పోయి ఇల్లంతా తిరిగి చూసింది. ముప్పై ఏళ్ళుగా మొగుడు గడప తొక్కలేదని ఆ ఇంటిని ఎంత తిట్టుకుందో. ఇల్లు నడిచి తోటకు రాలేదు. ఆయన నడిచి ఇంటికి రాలేడు. రావాల్సింది ఎవరో ఇన్నాళ్ళకు తెలిసి, ఆమెకు తన మీదే మండింది.

శుక్రవారం పొద్దున ఏడింటికి రాజారత్నం లారీతో వచ్చాడు. వెనక మిషన్ రంపం, తాళ్ళు, ముగ్గురు కూలీలు. గేటుకు అడ్డంగా జ్ఞానాంబ నడుముకు కొంగు చెక్కుకుని నిలబడి ఉంది.

"మాను కొట్టేది లేదు" అంది.

"అదేందక్కా? మూడు దినాల ముందే కదా కొట్టమంటివి? అంత దూరం నుంచి మిషన్ తెప్పిస్తి."

"కొట్టేది లేదంటే లేదు."

రాజారత్నం లారీ దిగి దగ్గరికి వచ్చాడు. పెద్దమాను కింద నేల ఊడుస్తున్న దొరస్వామిని చూసి గొంతు తగ్గించాడు. "అన్న ఏమన్నా బెదిరించినాడా? దాంట్లో ఆడది ఉండాదంటివి. ఆయప్పను పట్టుకోని వదలడం లేదంటివి. అదంతా ఏమాయ?"

"ఉండాది" అంది జ్ఞానాంబ.

"ఆ?"

"ఉండాదబ్బా, నేను సెప్పింది నిజమే. ముప్పై ఏండ్లుగా ఆయప్పను యాడికీ పోనీకుండా ఈడ్నే పట్టుకోనుండే ఆడది ఉండాది. అది నేనే."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, లారీ వెనక భాగం ఎంత ఖాళీగా ఉందో ఒకసారి తొంగి చూసింది.

"తెచ్చిన బండి ఊరికే పోనీయొద్దు. మా ఇంటి కాడికి తిప్పు. మంచం, గ్యాస్ పొయ్యి, బియ్యం డ్రమ్ము, అన్నీ బయట పెట్టుండా. జాగ్రత్తగా ఎత్తి ఈ కొట్టం కాడికి తెమ్మను నీ మనుషుల్ని. ఒక్క గిన్నె తగ్గినా ఊరుకోను, ముందే సెప్తాండా."